నాలుగు చుక్కల కిట్ ‘నెగటివ్’ అంటే ఎంతవరకు నమ్మాలి? స్నాప్ ఫోర్‌డీఎక్స్ ప్లస్ రివ్యూ

పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్‌తో చనిపోయిన కుక్కల ఫైళ్లలో తరచూ కనిపించే మాట "కిట్ నెగటివ్". ఆ మాటలో అబద్ధం ఉండదు. కిట్ అసలు వెతకని జబ్బు కూడా లేదని ఆ ఒక్క మాటతో తేల్చేస్తారే, చిక్కంతా అక్కడే వస్తుంది. కాబట్టి ఈ రివ్యూలో కిట్ గొప్పతనం తక్కువ, దాని ఫలితాన్ని ఎక్కడిదాకా నమ్మాలో, ఎక్కడ ఆగాలో చెప్పడం ఎక్కువ.

వస్తువు: అమెరికాలోని ఐడెక్స్ కంపెనీ తయారుచేసే స్నాప్ ఫోర్‌డీఎక్స్ ప్లస్. మన పెద్ద ఊళ్ల పెట్ క్లినిక్‌లలో ఇదో, దీనిలాంటిదో ఒకటి ఉంటుంది. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పరికరం. ఒక పక్క రక్తం పోసే గుంట, మధ్యలో చిన్న కిటికీ, చివర నొక్కే మీట. రక్తం పోసి మీట నొక్కాక 8 నిమిషాలకు కిటికీలో నీలి చుక్కలు తేలుతాయి, లేదా తేలవు. ముందే తీర్పు చెప్పేస్తే: తాను చూసే వాటిని బాగానే చూస్తుంది. స్మియర్ (గాజు స్లైడు మీద పరిచిన రక్తాన్ని మైక్రోస్కోపులో చూడటం), సీబీసీ (రక్తకణాల లెక్క) లేకుండా దీన్నొక్కదాన్నే చేయించుకుంటే మాత్రం డబ్బు దండగ, కుక్కకు ప్రమాదం.

నాలుగు చుక్కలు, మన ఊళ్లో వాటి విలువ

ఈ కిట్ వెతికేవి నాలుగు. పిడుదులు మోసే ఎర్లీషియా అనే సూక్ష్మజీవి మీద కుక్క ఒంట్లో తయారైన యాంటీబాడీలు. అనాప్లాస్మా మీద యాంటీబాడీలు. లైమ్ జబ్బు మీద యాంటీబాడీలు. నాలుగోది గుండె పురుగు, అంటే హార్ట్‌వర్మ్. దీనికి మాత్రం యాంటీబాడీ కాకుండా పురుగు విడుదల చేసే యాంటిజెన్‌నే పట్టుకుంటుంది.

వీటిలో మనకు పనికొచ్చేవి మొదటి రెండే. ఎర్లీషియా కేనిస్ తెలుగు రాష్ట్రాల్లో ఏడాది పొడుగునా ఉంటుంది. దాన్ని మోసేది కుక్క చెవుల్లో, వేళ్ల సందుల్లో కనిపించే గోధుమరంగు పిడుదు. ఇది ఇంట్లోనే, గోడ పగుళ్లలోనే గుడ్లు పెట్టి పెరిగే రకం కాబట్టి "మా కుక్క బయటికే వెళ్లదు" అన్నంత మాత్రాన జబ్బు రాదనుకోకూడదు. అనాప్లాస్మా ప్లాటిస్ అనే సూక్ష్మజీవి ప్లేట్‌లెట్లలోనే కాపురం పెట్టి, ఒకటి రెండు వారాలకోసారి వాటి సంఖ్యను పడగొడుతుంటుంది. దాని చుక్క కూడా ఉపయోగమే.

లైమ్ చుక్క మనకు దాదాపు అలంకారం. ఆ జబ్బును మోసే పిడుదు జాతి వేరు, మన గోధుమరంగు పిడుదు దాన్ని మోయదు. హార్ట్‌వర్మ్ చుక్క ఈశాన్య రాష్ట్రాల్లో అవసరం. దక్షిణాదిలో, ముఖ్యంగా కేరళలో, ఎక్కువగా చెప్పుకునేది చర్మం కింద ఉండే దాని దాయాది పురుగు, దానికోసం ఈ చుక్కను నమ్ముకోలేం. పైగా ఒంట్లోకి చేరిన లార్వా పెద్ద పురుగై యాంటిజెన్ కనిపించడానికి 5 నుంచి 7 నెలలు పడుతుంది. అంటే నాలుగు చుక్కలకు డబ్బు కట్టి రెండింటి పని చేయించుకుంటున్నామన్నమాట.

అసలు లోటు వేరే ఉంది. ఎర్ర కణాల్లో చేరే పరాన్నజీవి బబీసియాకు ఈ కిట్‌లో చుక్కే లేదు. పిడుదుల వల్లే వచ్చే ఇంకో పరాన్నజీవి హెపటోజూన్‌కూ లేదు. మన ప్రాంతంలో పిడుదుల వల్ల కుక్కల రక్తం విరిగి, పచ్చకామెర్లు వచ్చి, మూత్రం కాఫీ డికాక్షన్ రంగుకు తిరిగి ప్రాణం పోయేది ఎక్కువగా బబీసియాతోనే. చిన్న బబీసియాను, అంటే బబీసియా గిబ్సోనైని, శాస్త్రవేత్తలు మొదట వర్ణించింది 1910లో, మద్రాస్ హంట్ వేట కుక్కల రక్తంలో. మన పొరుగునే పుట్టిన పేరు. అమెరికాలో తయారైన కిట్ అక్కడి జబ్బుల పట్టీ ప్రకారం తయారైంది, అందులో కంపెనీ తప్పేమీ లేదు. పెట్టె మీద ఏం చూస్తుందో స్పష్టంగానే రాసి ఉంటుంది. అది చదవకుండా "టిక్ ఫీవర్ ప్యానెల్ నెగటివ్" అని రిపోర్టు రాసేవాళ్లది తప్పు.

చేసే పద్ధతి, చెడే చోట్లు

కిట్ ఫ్రిజ్‌లో ఉంటే బయట పెట్టి అరగంట ఆగాలి. పరికరం, రీఏజెంట్, రక్తం మూడూ గది ఉష్ణోగ్రతకు రావాలి. రక్తం ఊదా మూత ఈడీటీఏ (గడ్డకట్టకుండా ఆపే మందు) ట్యూబులోదైనా, సీరమ్ అయినా, ప్లాస్మా అయినా సరిపోతుంది. పెట్టెలో ఇచ్చిన పిపెట్‌తో 3 చుక్కల రక్తం చిన్న ట్యూబులో వెయ్యాలి. దాని మీద కాంజుగేట్ (కిట్‌తో వచ్చే రీఏజెంట్) సీసాను నిటారుగా పట్టుకుని 4 చుక్కలు. సీసా వాలిస్తే చుక్క సైజు మారిపోతుంది. మూత పెట్టి నెమ్మదిగా నాలుగైదుసార్లు తిరగేసి కలపాలి, గిలకొట్టకూడదు. తర్వాత చదునైన బల్ల మీద పెట్టిన పరికరం గుంటలో మొత్తం పొయ్యాలి.

ఇక్కడి నుంచి కళ్లు తిప్పకూడదు. రక్తం కిటికీ మీదుగా పాకుతూ 30 నుంచి 60 సెకన్లలో అవతలి చివరనున్న గుండ్రటి గుర్తును చేరుతుంది. ఆ గుర్తులో రంగు మొదట కనబడిన క్షణమే మీటను గట్టిగా, పరికరంతో సమంగా దిగేదాకా నొక్కాలి. ఆలస్యం చేస్తే కిటికీ అంతా మరక పట్టి చుక్కలు చదవడం కష్టమవుతుంది. సగమే నొక్కితే లోపలి ద్రవాలు సరిగ్గా పారవు. ఆ తర్వాత పరికరాన్ని కదల్చకుండా 8 నిమిషాలు. కంట్రోల్ చుక్క రాకపోతే టెస్టు చెల్లదు, మిగతావి ఎలా ఉన్నా సరే.

ఓపీ రద్దీగా ఉన్న సాయంత్రం ఏం జరుగుతుందంటే, మీట నొక్కి అసిస్టెంటు వేరే కేసుకు వెళ్తాడు. 25 నిమిషాల తర్వాత వచ్చి చూస్తాడు. అప్పటికి లేత నీలం నీడలాంటిది ఉంటుంది. దాన్ని పాజిటివ్ అనాలా, వద్దా? సరైన సమయానికి చదివితే లేత చుక్కనూ పాజిటివ్‌గానే లెక్కవెయ్యాలి. సమయం దాటాక కనబడిన నీడకు విలువ లేదు, కొత్త కిట్‌తో మళ్లీ చెయ్యాలి. చుక్క ముదురుగా ఉంటే జబ్బు ముదిరిందని, లేతగా ఉంటే తక్కువని చెప్పడమూ తప్పే. అందుకే రిజల్ట్ ఫొటో అడిగి తీసుకోండి. ఫొటోలో సమయం ఉంటుంది, అదే దాని ఉపయోగం.

నెగటివ్ వచ్చినప్పుడు

మూడు సందర్భాల్లో నాలుగు చుక్కలూ ఖాళీగా ఉన్నా కుక్క టిక్ ఫీవర్‌తోనే ఉండొచ్చు.

ఒకటి, జబ్బు కొత్తది. ఎర్లీషియా ఒంట్లో చేరాక లక్షణాలు 8 నుంచి 20 రోజుల్లో మొదలవుతాయి. కిట్ పట్టుకోగలిగినంత యాంటీబాడీలు తయారవడానికి ఒక్కో కుక్కకు వారం చాలు, ఒక్కోదానికి నాలుగు వారాలు కావాలి. అంటే 104 డిగ్రీల జ్వరంతో, తిండి మానేసి వచ్చిన కుక్కకు ఆ రోజున కిట్ నెగటివ్ రావడంలో వింతేమీ లేదు. అదే కుక్కకు రెండు మూడు వారాల తర్వాత చేస్తే పాజిటివ్ వస్తుంది, కుక్క బతికుంటే.

రెండు, జబ్బు బాగా పాతది. నెలల తరబడి లోపల ఉండి ఎముక మజ్జను దెబ్బతీసిన దశ. తెల్ల కణాలు, ఎర్ర కణాలు, ప్లేట్‌లెట్లు మూడూ పడిపోతాయి. ఈ దశలో యాంటీబాడీలు సాధారణంగా ఎక్కువే ఉంటాయి, నెగటివ్ రావడం అరుదే కానీ అసాధ్యం కాదు. మూడోది పైన చెప్పిందే: అది ఎర్లీషియా కాదు, బబీసియా.

కాబట్టి నెగటివ్ వచ్చినా ప్లేట్‌లెట్లు తక్కువగా ఉండి, జ్వరం, పిడుదుల చరిత్ర ఉంటే ఫైలు మూసెయ్యకూడదు. పీసీఆర్‌కు (సూక్ష్మజీవి డీఎన్ఏను వెతికే పరీక్ష) 2 మిల్లీలీటర్ల ఈడీటీఏ రక్తం తీసి పక్కన పెట్టి, చికిత్స మొదలుపెట్టి, 48 నుంచి 72 గంటల్లో సీబీసీ మళ్లీ చెయ్యాలి. వరుస ముఖ్యం. ఎర్లీషియాకు ఇచ్చే డాక్సీసైక్లిన్ పడిన కొద్ది రోజులకే రక్తంలో ఎర్లీషియా డీఎన్ఏ దొరకడం కష్టమవుతుంది. మందు మొదలుపెట్టిన వారానికి పీసీఆర్‌కు పంపి "అదీ నెగటివ్" అనుకోవడం రెండో పొరపాటు.

కిట్‌తో పాటు తప్పనిసరి: స్మియర్

ఇది మొత్తం పట్టీలో అన్నిటికంటే చవకైన పరీక్ష, అన్నిటికంటే ఎక్కువగా ఎగ్గొట్టే పరీక్ష కూడా. గాజు స్లైడు, గీమ్సా రంగు, నూనె లెన్సున్న మైక్రోస్కోపు, కూర్చుని చూసే మనిషి. ఈ నాలుగోది దొరకకే ఎగ్గొడతారు.

బబీసియా కోసం స్మియర్‌కు నరం నుంచి తీసిన రక్తం కంటే చెవి అంచు నుంచి సూదితో గుచ్చి తీసిన మొదటి చుక్క మేలు. పరాన్నజీవులున్న ఎర్ర కణాలు సన్నటి నాళాల్లో ఎక్కువగా చిక్కుకుంటాయి. స్మియర్ ఆరాక మిథనాల్‌లో ముంచి తీసి రంగు వెయ్యాలి. చూడాల్సింది స్మియర్ చివర ఈక అంచులా పలచబడే చోట. పెద్ద బబీసియా ఎర్ర కణంలో జంటగా, బేరిపండు ఆకారంలో, 3 నుంచి 5 మైక్రాన్లు ఉంటుంది. దాన్ని కొత్తవాళ్లూ గుర్తుపడతారు. చిన్న బబీసియా 1 నుంచి 3 మైక్రాన్ల ఉంగరం మాత్రమే. ఊదా చుక్క, దాని పక్కన లేత నీలి గీత. సరిగ్గా కడగని స్లైడులో రంగు మచ్చ కూడా అచ్చం అలాగే ఉంటుంది. ఫోకస్ కొద్దిగా పైకీ కిందికీ తిప్పినప్పుడు మెరిసేది మచ్చ, కణంతో పాటే కదిలేది పరాన్నజీవి. ఎర్ర కణం మీద కూర్చున్న ప్లేట్‌లెట్‌ను చూసి కూడా మోసపోతారు. దాని చుట్టూ సన్నటి తెల్ల వలయం ఉంటుంది. రెండు నిమిషాల్లో స్లైడు తీసేసి "హీమోప్రోటోజోవా (రక్తంలోని పరాన్నజీవులు) కనబడలేదు" అని రాసిన రిపోర్టుకు పెద్దగా విలువ ఇవ్వలేం.

అయితే స్మియర్‌కూ హద్దుంది. ఎర్లీషియా గుత్తులు తెల్ల కణాల్లో కనబడేది, తీవ్రదశలో కూడా, నూటికి నాలుగు కేసుల్లోనే అని పుస్తకాల్లో ఉంటుంది. కనబడితే ఖాయం, కనబడకపోతే ఏమీ తేలనట్టే. ఎర్లీషియాకు కిట్ బలం, స్మియర్ బలహీనం. బబీసియాకు, హెపటోజూన్‌కు స్మియర్ ఒక్కటే దిక్కు, కిట్ గుడ్డిది. రెండూ కలిపి ఎందుకు చెయ్యాలో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

సీబీసీ అంకెల్లో మెలికలు

కుక్కకు ప్లేట్‌లెట్లు సుమారు 2 లక్షల నుంచి 5 లక్షలు ఉండాలి. టిక్ ఫీవర్‌లో మొదట పడేది ఇవే. కానీ మెషిన్ ఇచ్చిన అంకెను నేరుగా నమ్మకూడదు. రక్తం తీసేటప్పుడు కుక్క గింజుకుని సూది రెండు మూడుసార్లు గుచ్చితే ప్లేట్‌లెట్లు గుంపుగా అతుక్కుంటాయి, ఆ గుంపును మెషిన్ లెక్కపెట్టదు. 40 వేలు అని వచ్చిన కుక్కకు నిజంగా 2 లక్షలు ఉండొచ్చు. సరిచూసుకోవడం తేలిక: స్మియర్‌లో నూనె లెన్సు కింద పది చోట్ల ప్లేట్‌లెట్లు లెక్కపెట్టి, సగటును 15,000తో గుణించాలి. సగటున రెండే కనబడితే 30 వేలు, అది నిజమైన తగ్గుదల. ఈక అంచున గుంపులు కనబడితే ఆ శాంపిల్ పారేసి మళ్లీ తీయాలి.

ఈడీటీఏ ట్యూబును గీత దాకా నింపాలి. ట్యూబులో పావు వంతే పోస్తే మందు ఎక్కువై ఎర్ర కణాలు ముడుచుకుంటాయి, పీసీవీ (రక్తంలో ఎర్ర కణాల శాతం) ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. మామూలు పీసీవీ 37 నుంచి 55 శాతం. మనుషుల ల్యాబులో కుక్క రక్తం ఇస్తే, మనిషి కణాలకు సెట్ చేసిన మెషిన్ కుక్క కణాలను తప్పుగా లెక్కపెట్టొచ్చు. అక్కడ తప్పనిసరై ఇస్తే కనీసం స్లైడు కూడా వేయించి పశువైద్యుడికి చూపించండి.

ఒక జంట అంకెను చాలామంది చూడరు: రక్తంలోని గ్లోబ్యులిన్ అనే ప్రొటీన్, మూత్రంలో ప్రొటీన్. పాత ఎర్లీషియాలో గ్లోబ్యులిన్ పెరుగుతుంది, అల్బుమిన్ తగ్గుతుంది, మూత్రంలో ప్రొటీన్ పోతుంది. ముక్కు నుంచి రక్తం కారుతూ, కిట్ పాజిటివ్‌గా, గ్లోబ్యులిన్ ఎక్కువగా ఉన్న కుక్క విషయంలో అనుమానం పెద్దగా మిగలదు.

పాజిటివ్ కూడా దారి తప్పిస్తుంది

దీని గురించి ఎవరూ హెచ్చరించరు. ఎర్లీషియా యాంటీబాడీలు జబ్బు నయమయ్యాక కూడా నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉంటాయి. పిడుదులున్న ఇంట్లో పెరిగిన ఆరేడేళ్ల కుక్కకు ఈ చుక్క రావడం ఆశ్చర్యం కాదు. ఇప్పుడు ఆ కుక్క నీరసంగా, చిగుళ్లు పాలిపోయి వచ్చింది. చుక్క నీలంగా వచ్చింది. డాక్సీసైక్లిన్ రాసి పంపేశారు. నాలుగు రోజుల తర్వాత కూలిపోయింది. ప్లీహం మీద గడ్డ పగిలి కడుపులో రక్తం నిండిందని అప్పుడు తేలుతుంది. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ ముసలి కుక్కల్లో ఈ రకం గడ్డ తరచుగా చూసేదే, అందులోనూ ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. కడుపు స్కాన్ ఒక్కటి చేస్తే పది నిమిషాల్లో బయటపడేది.

ఇంకో దారి మరీ ప్రమాదం. బబీసియా వల్ల ఎర్ర కణాలు విరుగుతుంటే, ఒంటి రోగనిరోధక వ్యవస్థే తన కణాల మీద పడినట్టు కూంబ్స్ పరీక్ష పాజిటివ్ వస్తుంది. స్మియర్‌లో స్ఫెరోసైట్లూ (బంతిలా మారిన చిన్న ఎర్ర కణాలు) కనబడతాయి. కిట్ నెగటివ్ కాబట్టి "టిక్ ఫీవర్ లేదు, ఆటో ఇమ్యూన్ రక్తహీనత" అని పెద్ద డోసులో ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెడతారు. ఒకటి రెండు రోజులు కుక్క లేచి తింటుంది, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. స్టెరాయిడ్‌తో నిరోధక శక్తి అణిగాక చిన్న బబీసియా విజృంభిస్తుంది. మన ప్రాంతంలో ఆటో ఇమ్యూన్ అని పేరు పెట్టే ముందు చెవి అంచు స్మియర్, వీలైతే బబీసియా పీసీఆర్ అయ్యి తీరాలి. ప్రాణం మీదికొచ్చి స్టెరాయిడ్ ఆపలేని పరిస్థితి ఉంటుంది, నిజమే. అప్పుడైనా ముందు రక్తం తీసి పెట్టుకోవచ్చు కదా.

మందు చీటీలో చూడాల్సినవి

ఎర్లీషియాకు డాక్సీసైక్లిన్ రోజుకు కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు, 28 రోజులు. 20 కిలోల కుక్కకు రోజుకు 200 మిల్లీగ్రాములు, 100 మిల్లీగ్రాముల మాత్రలు మొత్తం 56. ఏడు రోజుల కోర్సు రాసి ఉంటే కారణం అడగండి. అన్నం తిన్నాక మాత్ర, వెంటనే కొన్ని నీళ్లు. పాలతోనో, కాల్షియం సిరప్‌తోనో, ఐరన్ టానిక్‌తోనో కలిపి ఇస్తే మందు సరిగ్గా ఒంటికి పట్టదు. ఒకే చీటీలో ఈ మూడూ రాసి ఉండటం మామూలే కాబట్టి, కనీసం రెండు గంటల ఎడం పెట్టండి.

కొత్త ఎర్లీషియా అయితే మందు పడిన 24 నుంచి 72 గంటల్లో జ్వరం దిగి కుక్క తిండి ముట్టాలి. దిగలేదంటే డోసు పెంచడం, ఇంజెక్షన్ మార్చడం కంటే ముందు జబ్బు పేరునే మళ్లీ ప్రశ్నించాలి. ఈ మూడు రోజుల గడువే చాలా కేసుల్లో చేజారేది. "ఇంకో రెండు రోజులు చూద్దాం" అన్నప్పుడు పీసీవీ ఎంతకు పడిందో ఎవరూ చూడరు.

రిపోర్టులో "బబీసియా" అని మాత్రమే ఉంటే సరిపోదు, పెద్దదా చిన్నదా అని అడగాలి. పెద్దదానికి ఇమిడోకార్బ్ కిలోకు 6.6 మిల్లీగ్రాములు కండరానికి, రెండు వారాలకు మళ్లీ ఒకసారి. చొల్లు, వాంతి రాకుండా ముందు ఆట్రోపిన్ ఇస్తారు. చిన్నదాన్ని ఇమిడోకార్బ్ తుడిచిపెట్టలేదు. దానికి అటోవాక్వోన్ కిలోకు 13.3 మిల్లీగ్రాములు 8 గంటలకోసారి, అజిత్రోమైసిన్ కిలోకు 10 మిల్లీగ్రాములు రోజుకోసారి, పది రోజులు. అటోవాక్వోన్‌ను కొవ్వున్న తిండితోనే ఇవ్వాలి, ఖాళీ కడుపున ఇస్తే ఒంటికి పట్టదు. మలేరియాకు మనుషులు వాడే మాత్రలో దానితో ప్రోగ్వానిల్ కలిసి ఉంటుంది, దానివల్ల వాంతులు ఎక్కువ. కోర్సు ముగిశాక 60 రోజులకు, 90 రోజులకు పీసీఆర్ చేస్తేనే పోయిందో లేదో తెలిసేది. ఈ డోసులు చీటీని సరిచూసుకోవడానికి. బరువు, కిడ్నీ, లివర్ చూడకుండా ఇంట్లో మొదలుపెట్టడానికి కాదు.

ప్లేట్‌లెట్లు తెలియకుండా జ్వరానికి మెలాక్సికామ్ పొడిచే అలవాటు ఒకటుంది. రక్తం గడ్డకట్టని కుక్కకు అది కడుపులో పుండు పెట్టి రక్తం కార్పిస్తుంది. పొట్ట అడుగున, తొడల లోపలి వైపు, చిగుళ్ల మీద ఎర్రటి సూదిమొన చుక్కలు కనబడితే ఆ ఇంజెక్షన్ వద్దని ధైర్యంగా చెప్పండి.

బదులు కిట్లు

కొరియా, చైనా కంపెనీలవీ, దేశంలో తయారైనవీ రెండు గీతల స్ట్రిప్పులు దొరుకుతాయి. కొన్నిటిలో బబీసియా గిబ్సోనై గీత కూడా ఉంటుంది. మన ప్రాంతానికి ఆ ఒక్క గీత లైమ్, హార్ట్‌వర్మ్ చుక్కలకంటే విలువైనది. అయితే అదీ యాంటీబాడీ పరీక్షే కనుక కొత్త జబ్బులో నెగటివ్ రావొచ్చు, పాత జబ్బులో పాజిటివ్ నిలిచిపోవచ్చు. రక్తం, బఫర్ కొలతలు, చదివే సమయం ఒక్కో బ్రాండుకు ఒక్కోలా ఉంటాయి. ఒక కిట్ బఫర్ సీసాను ఇంకో కిట్‌కు వాడటం క్లినిక్‌లలో జరిగేదే, ఆ ఫలితానికి అర్థం లేదు. ఆన్‌లైన్‌లో కొని ఇంట్లో చేసుకోవడం మాత్రం సిఫారసు చెయ్యలేం. గీత వచ్చినా రాకపోయినా స్మియర్ చూసేవాళ్లు ఇంట్లో ఉండరు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. న్యూజెర్సీలోనో, పెన్సిల్వేనియాలోనో లైమ్ చుక్క నిజంగా పనికొస్తుంది, అక్కడ ఈ కిట్ ఏటా చేయించుకోవడం అర్థవంతం. ఇండియా నుంచి కుక్కను తీసుకెళ్తే మాత్రం నాలుగు చుక్కలు ఖాళీగా వచ్చాయని ఊరుకోవద్దు. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పి బబీసియా గిబ్సోనై, హెపటోజూన్ పీసీఆర్ అడగండి. చెప్పకపోతే అక్కడి డాక్టరుకు హెపటోజూన్ కేనిస్ గుర్తుకు రాకపోవచ్చు.

కౌంటర్ దగ్గర అడగాల్సినవి

బిల్లులో "టిక్ ప్యానెల్" అని ఒకే లైను ఉంటే విడగొట్టించండి: కిట్ ఏ బ్రాండు, సీబీసీ, స్మియర్ ఎవరు చూశారు. స్మియర్ లేకపోతే అది ప్యానెల్ కాదు. రంగు వెయ్యని స్లైడ్లు రెండు అదనంగా వేసి ఇవ్వమని అడగొచ్చు. ఆరబెట్టి మిథనాల్‌లో ముంచితే నిలవ ఉంటాయి, రెండో అభిప్రాయానికి అవే తీసుకెళ్లొచ్చు. హైదరాబాద్ నారాయణగూడ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల లాంటి చోట్లకు వెళ్లే ముందు ఫోన్ చేసి ఆ రోజు మైక్రోస్కోపీ, పీసీఆర్ జరుగుతాయో లేదో కనుక్కోండి. డాక్టరు గారికి చెప్పాల్సినవి కాగితం మీద రాసుకెళ్లండి: పిడుదులు చివరిసారి ఎప్పుడు కనబడ్డాయి, ఏ మందు ఏ తేదీన పడింది, స్టెరాయిడ్ పడిందా, మూత్రం రంగు.

అయినా కుక్క దక్కకపోతే

కారణం తెలుసుకోవాలనుకుంటే పూడ్చే ముందే నిర్ణయించుకోవాలి. మన ఎండల్లో కొన్ని గంటల్లోనే అవయవాలు చెడిపోతాయి. పొట్ట చుట్టూ, గజ్జల్లో ఐస్ ప్యాకులు పెట్టి అదే రోజు పశువైద్య కళాశాల పాథాలజీ విభాగానికి తీసుకెళ్లాలి. డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే కణజాలం పరీక్షకు పనికిరాదు. ప్లీహం ముక్క రెండుగా తీయించండి, ఒకటి పది రెట్ల ఫార్మలిన్‌లో, ఇంకొకటి ఫార్మలిన్ తగలకుండా ఐస్‌లో. రెండోదే పీసీఆర్‌కు వెళ్లేది.

ఫిర్యాదు విషయానికొస్తే, చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో మొదట చూడాలి. భారత పశువైద్య మండలి చట్టం, 1984 ప్రకారం నమోదు లేనివాళ్లు ప్రాక్టీసు చెయ్యకూడదు. పెట్ షాపులో ఇంజెక్షన్ పొడిచిన మనిషి ఈ లెక్కలోకే వస్తాడు. నమోదైన డాక్టరు మీద ఫిర్యాదు రాష్ట్ర పశువైద్య మండలికి ఇస్తారు. డబ్బు కట్టించుకుని చేసిన సేవలో లోపానికి వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే ఫిర్యాదు రుసుము లేదు. కిట్ నెగటివ్ వచ్చిందన్న ఒక్క కారణంతో కేసు నిలబడదు, ఎందుకంటే కిట్ అలా రావొచ్చని ఎవరైనా చెప్తారు. ప్లేట్‌లెట్లు 30 వేలని రిపోర్టులో ఉండగా స్మియర్ ఎందుకు చూడలేదు, మూడో రోజుకూ జ్వరం దిగకపోతే సీబీసీ ఎందుకు మళ్లీ చెయ్యలేదు అన్న ప్రశ్నలకు బలం ఉంటుంది. వాటికి తేదీలున్న రిపోర్టులు, కిట్ ఫొటో, విడగొట్టిన బిల్లు కావాలి. ల్యాబులు మిగిలిన రక్తాన్ని ఫ్రిజ్‌లో కొద్ది రోజులే ఉంచి పారేస్తాయి కాబట్టి, మొట్టమొదటి ఫోన్ ల్యాబుకే చేసి ఆ ఈడీటీఏ ట్యూబును, స్లైడును పక్కన పెట్టమని చెప్పి, అదే మాట మెసేజ్‌గా కూడా పంపండి.